వలలో ఎన్ని డాల్ఫిన్లు చనిపోతే డేంజర్? కాకినాడ తీరానికి ఈ లెక్క ఎందుకంత ముఖ్యం?

చనిపోయిన డాల్ఫిన్ ఒడ్డుకు కొట్టుకొచ్చిందంటే చాలు.. నిమిషాల్లో వీడియో ఫోన్లలో తిరిగేస్తుంది. అయ్యో పాపం అని ఓ కామెంట్ పెట్టి పైకి జరిపేస్తాం. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ఏడాదికి ఇలా ఎన్ని చనిపోతే ఆ జాతి తట్టుకుంటుంది? దీనికి జవాబు చెప్పేదే పాపులేషన్ మోడల్. సామర్లకోటకు కూతవేటు దూరంలోని కాకినాడ తీరంలో వేటకెళ్లే మత్స్యకారుల ఆదాయానికీ దీంతో లింకుంది.

ఏంటీ మోడల్?

సింపుల్‌గా చెప్పాలంటే ఇది జమాఖర్చుల పుస్తకం. పుట్టేవి జమ, చనిపోయేవి ఖర్చు. డాల్ఫిన్ల విషయంలో జమ చాలా నెమ్మది. కాన్పుకు ఒకటే పిల్ల. మళ్లీ కాన్పుకు రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే అన్నీ బాగున్నా ఏడాదికి 4 శాతం మించి పెరగవని శాస్త్రవేత్తలు లెక్కేస్తారు. అమెరికా 1994లో దీన్ని చట్టంలోనే పెట్టింది. కనీసం ఎన్ని ఉన్నాయో చూసి, అందులో 2 శాతం తీస్తారు. అంతరించే ముప్పున్న జాతి అయితే ఆ అంకెలో పదో వంతే లిమిట్.

చిలికాకు ఇదే లెక్క వేస్తే..

పక్కనే ఒడిశాలోని చిలికా సరస్సులో సుమారు 150 ఇరావడీ డాల్ఫిన్లు ఉన్నాయి. ఇవి ఐయూసీఎన్ అంతరించే ముప్పు జాబితాలో ఉన్నాయి. 150లో 2 శాతం అంటే 3. అందులో పదో వంతు 0.3. అంటే మనుషుల వల్ల మూడేళ్లకు ఒకటి చనిపోయినా లిమిట్ దాటినట్టే లెక్క! ఇది అధికారిక పరిమితి కాదు, అమెరికా ఫార్ములాతో వేసిన అంచనా మాత్రమే. కానీ ఒక్క ప్రాణం విలువ ఎంతో చెప్పడానికి ఇది చాలు.

వకీటా చెబుతున్న పాఠం

మెక్సికోలో వకీటా అనే చిన్న సముద్ర జీవి ఉంది. 1997లో దాదాపు 570 ఉండేవి. 2018 నాటికి పది దాకా మిగిలాయి. కారణం గిల్‌నెట్లే. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మోడల్ ఏం చెప్పిందో చూడండి. వల మరణాలు పూర్తిగా ఆపితే జాతి అంతరించే అవకాశం 6 శాతమే. 80 శాతం తగ్గించి ఊరుకుంటే మాత్రం 62 శాతం! చాలావరకు తగ్గించాం కదా అనుకుంటే సరిపోదన్నమాట.

మనకేంటి సంబంధం?

2026 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త రూల్ అమల్లోకి వచ్చింది. వేటలో డాల్ఫిన్లు, తిమింగలాలు చనిపోకుండా తగిన చర్యలు లేని దేశాల చేపలకు అక్కడ తలుపులు మూసుకుంటాయి. ఒకసారి దొరికిన అనుమతి శాశ్వతం కాదు, మళ్లీ సమీక్ష ఉంటుంది. ఇలాంటి దెబ్బ మనకు కొత్త కాదు. ట్రాల్ వలలకు తాబేళ్లను తప్పించే పరికరాలు లేవంటూ మన సముద్రపు రొయ్యను అమెరికా కొన్నేళ్ల కిందటే ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు కాబట్టి గోదావరి జిల్లాల రైతులు బయటపడ్డారు. సముద్రాన్నే నమ్ముకున్న వాళ్లకు ఆ దారి లేదు.

అసలు లోటు ఎక్కడ?

దేశంలో నదుల్లో 6,327 డాల్ఫిన్లు ఉన్నాయని 2025 మార్చిలో కేంద్రం ప్రకటించింది. సముద్రంలో లెక్కించడం అంత ఈజీ కాదు. పైగా ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలదు. వలల్లో ఎన్ని చనిపోతున్నాయో కూడా తెలియాలి. వన్యప్రాణి చట్టంలో డాల్ఫిన్ షెడ్యూల్ 1 జీవి. వలలో పడిందని చెబితే కేసవుతుందన్న భయం ఉంటే ఎవరు చెబుతారు? చప్పుడు చేయకుండా సముద్రంలోనే వదిలేస్తారు. మోడల్‌కు అందాల్సిన అంకె అక్కడే మునిగిపోతుంది.

మహారాష్ట్ర 2018లో ఓ దారి చూపించింది. రక్షిత జీవులను వదిలేందుకు వల కోస్తే రూ.25 వేల వరకు పరిహారం ఇస్తోంది. మన రేవుల్లోనూ అలాంటి భరోసా ఉండాలి. పొరపాటున వలలో పడితే కేసు ఉండదని స్పష్టంగా చెప్పాలి. ఎక్కడ, ఏ వలలో, ఏ నెలలో పడిందో చెప్పే మత్స్యకారుడే ఈ లెక్కకు ఆధారం. ఆయన్ను నిందితుడిలా చూసినంత కాలం ఎంత పెద్ద మోడల్ తెచ్చినా అది కాగితం మీదే ఉంటుంది.