అణా మీది తెలుగు అక్షరాలు

టాటానగర్ రైలు స్టేషను ప్రక్కన ఉన్న బాగ్‌బేరా వంటి పేటలలో, పాత తెలుగు కుటుంబాల ఇళ్ళలో, తరచు ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో పట్టుచీరలు, ఇంటి కాగితాలు, ఉద్యోగ విరమణనాటి ఫోటో. అన్నిటికీ అడుగున ముడివేసిన చిన్న గుడ్డమూట. ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఎప్పుడో ఒకనాడు ఆ ముడి విప్పుతారు. నల్లబడిన రూపాయలు, అరిగిపోయిన అణాలు, చిల్లు కాణీలు నేలమీద దొర్లుతాయి. అప్పుడు అందరి నోటా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇవి ఎంత పలుకుతాయి?"

పాత నాణేలను సేకరించేవారు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. వారు ముందుగా నాణేన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని, భూతద్దంలో చూచి, మరొక ప్రశ్న వేస్తారు: "ఇది ఏమి చెబుతున్నది?" ఈ రెండు ప్రశ్నలకూ నడుమ ఉన్న దూరమే నాణేల సేకరణ అనే వ్యాసంగానికి ప్రాణం. ఆ దూరాన్ని ఎవరూ ఒంటరిగా నడవలేరు. తోటివారి మాటలు వింటూ, తప్పులు దిద్దుకుంటూ నడవవలసిందే.

ఆ మూటలోని అణాబిళ్ళనే చూడండి. అంచు పువ్వు రేకుల వలె వంపులు తిరిగి ఉంటుంది. ఒక వైపు చక్రవర్తి తల. రెండవ వైపు, నడుమ విలువ, తేదీ. వాటి చుట్టూ అదే విలువ వంగ లిపిలో, నాగరిలో, ఉర్దూలో. వాటి సరసనే, ఎంత అరిగినా గుర్తుపట్టగలిగేటట్లు, తెలుగు అక్షరాలు: ఒక అణా.

ఈ తరహా అణాను ఏడవ ఎడ్వర్డు కాలంలో, 1907లో ముద్రించడం ప్రారంభించారు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది కూడా 1907 ఆగస్టు 26వ తేదీన. ఇది కాకతాళీయమే. అయినా ఆ నగరంలోని తెలుగువారికి ఇంతకంటె దగ్గరి సంగతి మరొకటి లేదు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే బండ్లలో పని వెదుక్కుంటూ ఉత్తరానికి వచ్చినవారికి దారి పొడుగునా భాషలు మారిపోయాయి. ఒరియా, వంగభాష, హిందీ, సంతాలీ వారి చెవిన పడ్డాయి. అంగడి పలకల మీదగాని, కర్మాగారపు ద్వారాల మీదగాని తమ లిపి కనిపించని చోట, కూలిగా చేతిలో పడిన అణా మీద మాత్రం అది కనిపించింది. చదువు వచ్చిన వాడు దానిని చదివి ఉంటాడు. చదువు రానివాడు కూడా ఆ గుండ్రని అక్షరాలను తన ఊరివిగా పోల్చుకొని ఉంటాడు.

ఈ విషయం ధరల పట్టికలో ఉండదు. అణా సర్వసాధారణమైన నాణెం. లెక్కకు మించి ముద్రించారు కనుక మామూలు బిళ్ళకు పెద్ద ధర పలకదు. కాని ఆ ఇంటివారికి దానితో తూగగల నాణెం మరొకటి ఉండకపోవచ్చు.

సేకరణదారులు నలుగురు ఒకచోట చేరితే సాగే సంభాషణ బయటివారికి విచిత్రంగా తోస్తుంది. ఒకరు తెలుగులో ప్రారంభిస్తే మరొకరు హిందీలో అందుకుంటారు. ఇంకొకరు వంగభాషలో ఖండిస్తారు. కాని లెక్క అందరికీ ఒకటే. మూడు దమ్మిడీలు ఒక కాణీ, నాలుగు కాణీలు ఒక అణా, రెండు అణాలు బేడ, నాలుగు అణాలు పావలా, పదహారణాలు రూపాయి. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి వచ్చి, రూపాయికి నూరు నయాపైసలు అయిన తరువాత ఈ లెక్క అంగళ్ళలోనుంచి తప్పుకున్నది. "పదహారణాల తెలుగు" అనే మాటలోనూ, ఇటువంటి సమావేశాలలోనూ మాత్రం నిలిచి ఉన్నది.

కొత్తగా వచ్చినవాడు 1862 నాటి విక్టోరియా రూపాయిని గర్వంగా బయటికి తీస్తాడు. "నూటయాభై ఏళ్ళు దాటింది, అరుదైనది కదా?" అంటాడు. పెద్దవాడు నవ్వి, "తేదీని నమ్మకు నాయనా, చుక్కలు లెక్కపెట్టు" అంటాడు. 1862 అనే తేదీని మార్చకుండానే ఆ రూపాయలను సుమారు పన్నెండేళ్ళు ముద్రించారు. 1874 నుంచి మళ్ళీ ఏటేటా తేదీ మారసాగింది. ఆ నడుమ కాలంలోని బిళ్ళలను వేరుచేసి చూపేవి తేదీ చుట్టుపట్ల ఉన్న చిన్న చిన్న చుక్కలే. ఈ ఒక్క పాఠంతో ఆ యువకుడికి తెలిసివస్తుంది: నాణెం అబద్ధం చెప్పదు, కాని దాని భాష నేర్చుకొనక తప్పదు.

రెండవ పాఠం లోహానిది. 1835లో కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయిని నిర్ణయించినపుడు దాని ఎత్తు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. అదే తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ ప్రమాణం విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి కాలాలు దాటి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి, 1940లో వెండిని సగానికి తగ్గించింది. రాగికి సైతం కరువు రాగా 1943లో నడుమ రంధ్రంతో కాణీ వెలువడింది. అదే మన చిల్లు కాణీ. 1947 నాటి రూపాయిలో వెండి ఏమాత్రమూ లేదు, అంతా నికెలే. వెనుక వైపు పులి బొమ్మ. అందుచేతనే ఆ రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది. విక్టోరియా రూపాయి అంటుకొనరాదు. అంటుకున్నదంటే అది ఇనుముకు పూత పూసిన నకిలీ. ఉక్కునగరంలో అయస్కాంతానికి కొదవ లేదు. చిన్న త్రాసు కూడా ఉంటే సగం పరీక్ష పూర్తి అయినట్లే.

మూడవది కథల పాఠం. 1911 డిసెంబరు 2వ తేదీన సాక్చీలోని కొలిమి నుంచి మొదటిసారి ఇనుము పారింది. సాక్చీకి జంషెడ్‌పూర్ అనే పేరు 1919లో గాని రాలేదు. ఇనుము పారిన పది రోజులకు ఢిల్లీలో అయిదవ జార్జి దర్బారు జరిగింది. ఆ చక్రవర్తి బొమ్మతో అదే ఏట వెలువడిన రూపాయి దేశమంతటా కలకలం రేపింది. రాజు అంగీ మీది హారంలో చెక్కిన ఏనుగు చిన్న తొండంతో పంది వలె కనిపించడమే కారణం. లక్షల కొలది రూపాయలను వెనుకకు తీసుకొని కరిగించారు. 1912లో తొండం సరిదిద్దిన కొత్త అచ్చు వచ్చింది. నేటికీ 1911 రూపాయి కనిపిస్తే సేకరణదారు కళ్ళు ముందు పోయేది ఆ ఏనుగు మీదికే. సామాన్యుల నమ్మకం ముందు ఒక సామ్రాజ్యపు టంకశాల తలవంచిన సందర్భం అది.

ఇంతవరకూ ముచ్చటగానే ఉంటుంది. కష్టమైన ఘట్టం తరువాత వస్తుంది.

ఎవరో ఒకరు, ఎక్కువగా మధ్యతరగతి గృహస్థు, జేబులోనుంచి చిన్న పొట్లం తీస్తారు. అందులో రాగి బిళ్ళ. ఒక వైపు శ్రీరామ పట్టాభిషేకమో, ఆంజనేయస్వామియో. రెండవ వైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధణా, 1818 అని ఇంగ్లీషు అక్షరాలు. "దీనికి లక్షలు ఇస్తామని ఫోను చేశారు. ముందుగా రుసుము కట్టమన్నారు" అంటాడు ఆయన. ఆ లక్షల మీద అప్పటికే ఇంట్లో కూతురి పెండ్లి నిశ్చయమై ఉండవచ్చు. గది నిశ్శబ్దమవుతుంది. తెలిసినవారందరికీ సంగతి తెలుసు, చెప్పేవారెవరు?

కంపెనీకి చెందిన ఏ టంకశాలా అటువంటి అర్ధణాను ముద్రించలేదు. భక్తుల కొరకు రామటంకాల వంటి బిళ్ళలు చేసే ఆచారం మన దేశంలో ఉన్నది. దానికి కంపెనీ పేరు, పాత తేదీ చేర్చి తరువాతి కాలంలో ఎందరో అచ్చు పోసి అమ్మారు. ఇటువంటి బిళ్ళలకు బియ్యపు గింజలను లాగే శక్తి ఉన్నదని నమ్మించి లక్షలు కాజేసిన ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పోలీసులు పట్టుకున్నారు. పాత నాణేలు కొంటామని తమ పేరు వాడుకొని కొందరు రుసుములు, కమీషన్లు వసూలు చేస్తున్నారని, తమకు ఆ వ్యవహారాలతో ఎట్టి సంబంధమూ లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో దేశ ప్రజలను హెచ్చరించింది. నిజమైన కొనుగోలుదారు నాణేన్ని చూచి డబ్బు ఇస్తాడు. ముందుగా డబ్బు అడగడు. ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే ఎన్నో ఇళ్ళు నిలిచి ఉండేవి.

ఈ నిజాన్ని చెప్పడం ఈ వ్యాసంగంలో అన్నిటికంటె పెద్ద విద్య. చిన్నబుచ్చకుండా చెప్పాలి, అయినా స్పష్టంగా చెప్పాలి. అనుభవజ్ఞుడైన సేకరణదారు ఆ బిళ్ళను రెండు చేతులతో తిరిగి ఇస్తాడు. "బాబూ, ఇది నాణెం కాదు. కాని మీ అమ్మగారు ఇన్నేళ్ళు పూజలో ఉంచుకున్నది. అక్కడే ఉంచండి. ఎవరికీ ఒక్క రూపాయి కట్టవద్దు" అంటాడు. ఆ పూట ఆ మాట రుచించకపోవచ్చు. కాని ఒక కుటుంబం అప్పులపాలు కాకుండా ఆగిపోయేది అక్కడే.

విచిత్రమేమంటే, దేవుడి బొమ్మతో కంపెనీ ముద్రించిన నిజమైన నాణేలు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మద్రాసు టంకశాల వెండితో అర వరహా, పావు వరహా నాణేలను ముద్రించింది. వాటి మీద ఒక వైపు నక్షత్రాల నడుమ ఆలయ గోపురం, ఇంగ్లీషు, పారసీ అక్షరాలు. రెండవ వైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళం, తెలుగు. నకిలీ చెప్పే కట్టుకథకంటె చరిత్రలోని నిజమే సొగసుగా ఉన్నది. నకిలీ బిళ్ళను చూచి నిరాశపడినవారికి ఈ నాణెపు బొమ్మ చూపితే, వారి ముఖంలో వెలుగు తిరిగి వస్తుంది. లక్షల ఆశతో వచ్చినవాడు కొన్నిసార్లు సేకరణదారుగా ఇంటికి వెళతాడు.

ఇంకొక నాణెం ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చినవారు దానిని మరీ శ్రద్ధగా చూడాలి. అది ఉత్తర సర్కారుల కొరకు కంపెనీ ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో ముద్రింపించి ఓడలో తెప్పించిన రాగి నాణెం. రూపాయికి నలభై ఎనిమిది అని దాని మీదనే వ్రాసి ఉంటుంది. తేదీ 1794. ఆ సంవత్సరమే జూలై 10వ తేదీన పద్మనాభం వద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. రాజును యుద్ధంలో గెలిచారు. ప్రజల చేతి చిల్లరలోనికి కంపెనీ ముద్ర అదే కాలంలో ప్రవేశించింది. అరచేతిలో ఇమిడే రాగి ముక్క ఈ రెండవ గెలుపుకు సాక్షి. చరిత్ర పుస్తకంలో మొదటి గెలుపు ఉంటుంది. రెండవది చూడాలంటే నాణెం పట్టుకోవాలి.

అందువలన గుడ్డమూట విప్పినపుడు చేయవలసిన పనులు కొన్ని, చేయరానివి కొన్ని ఉన్నవి. చింతపండుతో తోమరాదు. ఇత్తడి చెంబుకు పనికివచ్చే తోముడు నాణేనికి పనికిరాదు. నూరేళ్ళలో ఏర్పడిన పొరతోపాటు విలువ కూడా పోతుంది. కంసాలి వద్ద కరిగించరాదు. కొక్కెం అతికించి గొలుసుకు తగిలించరాదు. అంచులు పట్టుకొని చూడాలి, పొడి కాగితంలో విడివిడిగా చుట్టి దాచాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం క్రిందికి వస్తుంది. దానిని సొంతంగా విదేశాలకు పంపరాదు. నేల త్రవ్వుతుండగా నాణేలు దొరికితే, వాటి విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలుపవలసినదేనని 1878 నాటి చట్టం చెబుతున్నది.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఒకటి ఉన్నది. దానికి ఖర్చు లేదు. ప్రతి పొట్లం మీద చిన్న చీటీ వ్రాసి ఉంచాలి: ఇది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు దాచారు. నాణెం మీద రాజు పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, విలువ ఉంటుంది. దానిని సంపాదించినవాడి పేరు మాత్రం ఉండదు. ఏ టంకశాలా ఆ పేరును ముద్రించదు. అది ఇంటివారే వ్రాయాలి, వ్రాయగలిగినవారు బ్రతికి ఉన్నపుడే వ్రాయాలి.

ఆ చీటీని తెలుగులోనే వ్రాయవచ్చు. బాగ్‌బేరాలో పుట్టి పెరిగి, ఇంట్లో మాట్లాడడమే తప్ప తెలుగు చదవడం రాని పిల్లలకు అది మొదటి పాఠమైనా కావచ్చు. ముత్తాత అణాబిళ్ళను ప్రక్కన పెట్టి, దాని మీది అక్షరాలను చూస్తూ దిద్దుకోవచ్చు.