ముప్పది దినముల నవలయు, మూసిన తలుపును

మన సంఘపు కార్యవర్గ సమావేశమున ఇటీవల ఒక ప్రతిపాదన వచ్చినది. రాబోవు నవంబరులో సభ్యులు తలకొక నవల వ్రాయవలెనట. గడువు ముప్పది దినములు, పరిమాణము ఏబదివేల మాటలు, పూర్తిచేసినవారికి ప్రశంసాపత్రము. దానితో ఒక షరతును గూడ చదివిరి: ఆ నెల దినములును ఇంటివారు రచయితకు ఏ పనియు చెప్పక, అంతరాయము కలిగింపక సహకరించవలెను. సభలో చప్పట్లు మ్రోగినవి. నేను కొట్టలేదు. ఏల కొట్టలేదని బయట నన్ను నలుగురడిగిరి. వారికి నా సమాధానమిది.

ఈ ఆలోచన మనది కాదు. 1999 జూలైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున క్రిస్ బేటీ అను యువకుడును, అతని మిత్రులును కలిసి ఇరువదియొక్కమంది సరదాకు మొదలిడిన పందెమది. మఱుసటి యేడు నవంబరునకు మారినది. పిమ్మట దేశదేశములకు ప్రాకినది. దానిని నడపిన సంస్థ 2025 మార్చిలో తన పని ముగించుచున్నట్లు ప్రకటించినది. అక్కడ అంగడి కట్టివేసిన సరకును మనమిప్పుడు బరంపురమున దించుకొనుచున్నాము. పాతదైనను మంచి సరకు మంచిదే. నా తగవు తూనికతోను, షరతుతోను.

తూనిక మాట ముందు చెప్పెదను. ముప్పది తొమ్మిదేండ్లు గుమాస్తాపని చేసినవాడను; లెక్క చూడక సంతకము పెట్టు అలవాటు నాకు లేదు. ఏబదివేలను ముప్పదిచే భాగించిన దినమునకు సుమారు 1,667 మాటలు. ఇది ఇంగ్లీషు లెక్క. ‘రాలేకపోయినందువలన’ అని మనము ఒక్కమాటలో అనుదానిని ఇంగ్లీషున అయిదాఱు మాటలుగా విడదీసి చెప్పవలెను. వారి గజముతో మన బట్ట కొలిచినచో మన నేతగాడు ఎంత ఎక్కువ నేయవలసివచ్చునో ప్రతిపాదించినవారు తలపోసినట్లు లేదు.

షరతు దీనికంటె చెడ్డది. దాని రుచి నేనెఱుగుదును.

2024 నవంబరులో నేనీ పందెమును ఒంటరిగా ఆడి చూచితిని. ముందుగది తలుపు మూసికొని, ‘ఈ నెల నన్నెవ్వరును పిలువవలదు’ అని ఇంట చాటించితిని. ఆ యేడు కార్తికమాసము 2వ తేదీననే ప్రవేశించినది. అంతటి పనుల నెల మఱొకటి లేదు. తెల్లవాఱకమున్నే స్నానములు, దీపములు, నాగులచవితి పుట్ట, సోమవారపు ఉపవాసములు. వీనితోపాటు కరెంటు బిల్లు, గ్యాసు బండ, ఎనుబదియాఱేండ్ల మా అమ్మగారి మందులు. అన్నియు నా భార్య నెత్తిన పడినవి. కొడుకును కోడలును ఉద్యోగస్థులు. పౌర్ణమినాటి తెల్లవాఱుజామున మా పొరుగు ఒడియావారు చెఱువులో చిన్న పడవలు విడుచునపుడు మనుమరాలిని నేనే తీసికొనిపోవుట వాడుక. ఆనాడు అది పొరుగువారితో పోయినది.

ఆ పిల్లకు ఎనిమిదేండ్లు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. సాయంకాలము అరగంట నా దగ్గఱ కూర్చుండి గుణింతములు దిద్దెడిది. మొదటి వారము తలుపు తట్టినది. ‘తరువాత’ అంటిని. రెండవ వారమునుండి తట్టలేదు. నెలాఖరున తలుపు తీసికొని వెలుపలికి వచ్చుసరికి నన్ను ‘తాతా’ అనుటకు మాఱు ఒడియాలో ‘జేజే’ అని పిలిచినది. తెలుగున జేజే యనగా దేవుడు. ఆ గౌరవము నేను కోరియుండలేదు.

నేను సంపాదించినదేమి? ముప్పదియొక్క వేల మాటలు. తిరిగి చదివికొంటిని. నా కథానాయకుడు తన భార్యతో కచేరీ ఉత్తరములోవలె మాటాడుచున్నాడు. ఆమెయు అటులే బదులిచ్చుచున్నది. తలుపవతల మా అమ్మగారు, ‘తలుపేసుకుని కూకున్నావేటిరా? ఎవులికి రాస్తున్నావు?’ అని రోజునకొకసారి అడుగుచునే యుండిరి. ఆ ఒక్క ప్రశ్నలోనున్న జీవము నా ముప్పదియొక్క వేల మాటలలో లేదు.

ఇది నా చేతకానితనమే యందురేమో. కొంత నిజమే. కాని విజయవాడలో రచయిత తలుపు మూసికొన్నను కిటికీలోనుండి తెలుగు వచ్చి పడుచునేయుండును. మనకో? 1936లో గంజాము ఒడిస్సాలో చేరిననాటినుండి కచేరీ మనది కాదు. బడియు మెల్లమెల్లగా చేయిజారినది. బజారున తెలుగు వినవచ్చును, కాదనను. అయినను ఉన్నంతలో నిండైన తెలుగు వంటింటను, వసారాలోను ఉన్నది. బెంగుళూరున, హోసూరున, షోలాపురమున నున్న చదువరులు తమ ఇండ్లను తలచుకొందురు గాక. (యానామువారి సంగతి వేఱు. వారికి వీధియు తెలుగే.) అట్టి ఇంటిని అంతరాయమని పేరుపెట్టి బయట నిలిపి తెలుగు నవల వ్రాయుట, నూతికి మూతవేసి కడవ నింపబూనుట వంటిది.

విశ్వనాథవారిని నామీద ప్రయోగింతురని యెఱుగుదును. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకై ‘వేయిపడగలు’ ఇరువదితొమ్మిది దినములలో ముగించిరని చెప్పుదురు. నిజమే కావచ్చును. ఆయన చెప్పుచుండగా వ్రాసినవారు తమ్ముడు వెంకటేశ్వర్లుగారనియు ఆ నోటనే చెప్పుదురు. అనగా ఆ మహాగ్రంథము ఇంటివారిని వెలుపలికి నెట్టి పుట్టినది కాదు. ఇంటివాని చేతిమీదుగా పుట్టినది. అదియునుగాక ఆ పోటీలో బహుమానము బాపిరాజుగారి ‘నారాయణరావు’తో పంచబడినది. ఎన్ని దినములలో వ్రాసిరని చూచి పంచినట్లు నేను వినలేదు. మన తొలి నవలలలో మిన్నయగు ‘రాజశేఖర చరిత్రము’ను వీరేశలింగముగారు 1878నుండి తమ పత్రికలో భాగములుగా ప్రకటించిరి. 1960 ప్రాంతమున వారపత్రికలలో ధారావాహికలు వ్రాసిన స్త్రీలును వారమునకింత యని వ్రాసినవారే. ఇంటిపనితో పొసగు నడక అది.

మఱొక ప్రశ్న. నా భార్య నాకంటె నవలలెక్కువ చదివినది. ఏది నిలుచునో, ఏది నిలువదో నాకంటె ముందు చెప్పగలదు. ఆమె ఈ పందెమునకు పేరిచ్చినచో ఆమెకై తలుపు మూయువారెవరు? కార్తికదీపము ఎవరు పెట్టుదురు? ప్రతిపాదించిన యువకుని నేనిట్లే అడిగితిని. ‘ఆడవారికి మఱొక నెల చూతము’ అనెను. ఏ నెలయో చెప్పలేదు.

కావున నేను కోరునదిది. గడువును ఉగాదినుండి ఉగాదివఱకు పెట్టుడు. మాటల లెక్క మానుడు. వారమునకు మూడు పుటలు చాలును. షరతును తిరుగవ్రాయుడు: వ్రాసిన పుటలను ఆ వారమే ఇంటివారికి చదివి వినిపింపవలెను, ఇంట వృద్ధులున్నచో వారు చెప్పగా పిల్లలు వ్రాయవలెను.

మా ఇంట అటులే సాగుచున్నది. ఆదివారము మధ్యాహ్నము మా అమ్మగారు చెప్పుదురు, మనుమరాలు వ్రాయును, నేను తప్పులు దిద్దుదును. నా భార్య కూరగాయలు తఱుగుచు, ‘అట్లనలేదండీ అత్తగారు, ఇంకొకలాగున అన్నారు’ అని నన్ను దిద్దును. ఎనిమిదవ ప్రకరణములో ఉన్నాము. పిల్ల శకటరేఫమును ఇంకను సాధురేఫముగానే వ్రాయుచున్నది. పాత ముప్పదియొక్క వేల మాటలు అటకమీద నున్నవి.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఆ ప్రతిపాదన ఉన్నది ఉన్నట్లు వచ్చినచో నేను వ్యతిరేకముగా చేయి ఎత్తెదను.