ఫోన్‌కు అవతలి గొంతు

అస్తిత్వం అని మేం నోరు తెరిస్తే చాలు, లౌకికవాద మిత్రులు కొందరికి చిరాకు. 'ఎవడు లాక్కుంటున్నాడయ్యా మీ అస్తిత్వాన్ని? అన్నీ లేనిపోని భయాలు' అంటారు. అదే భయాన్ని అమెరికా రేడియోలో నాటకంగా వేస్తే మాత్రం గొప్ప కళ!

లూసిల్ ఫ్లెచర్ రాసిన 'ది హిచ్ హైకర్' అలాంటి నాటకమే. 1941లో ఆర్సన్ వెల్స్ గొంతుతో మొదటిసారి ప్రసారమైంది. 1942 సెప్టెంబర్‌లో 'సస్పెన్స్' ధారావాహికలో మళ్లీ వచ్చింది. రోనాల్డ్ ఆడమ్స్ అనేవాడు బ్రూక్లిన్ నుంచి కాలిఫోర్నియాకు కారులో బయల్దేరతాడు. దారి పొడుగునా ఒకే మనిషి లిఫ్ట్ అడుగుతూ ఎదురవుతుంటాడు. హడలిపోయి, తల్లి గొంతు వింటే చాలనుకుని ఇంటికి ఫోన్ చేస్తాడు. ఎవరో పరాయి స్త్రీ ఎత్తుతుంది. కొడుకు రోనాల్డ్ ఆరు రోజుల కింద బ్రూక్లిన్ వంతెన మీద కారు ప్రమాదంలో చనిపోయాడనీ, ఆ దిగులుతో తల్లి ఆస్పత్రి పాలైందనీ చెప్తుంది. అంతే! తన పేరూ వయసూ గడగడా చెప్పగలిగిన మనిషి ఆ క్షణాన ఎవడూ కాకుండా పోతాడు.

నువ్వెవరో నువ్వు చెప్తే చెల్లదు, అవతలి గొంతు చెప్పిందే ఖాయం. ఆ నాటకంలో దెయ్యం కన్నా భయపెట్టేది ఇదే.

ఆ 1942లోనే అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తోలి శిబిరాల్లో పెట్టడం మొదలుపెట్టింది. వాళ్లలో మూడింట రెండొంతుల మంది ఆ దేశ పౌరులే. కుటుంబానికో నంబరు వేసి, ఆ చీటీలను మనుషుల కోట్లకు తగిలించారు. ఫ్రెడ్ కొరెమాట్సు అనే యువకుడు శిబిరానికి పోనన్నాడు. పేరు మార్చుకున్నాడు. కనురెప్పలకు ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు. అయినా అరెస్టు చేశారు. 1944లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం పక్షానే నిలబడింది. రేడియో ముందు ఆడమ్స్ కోసం వణికిన శ్రోతల్లో ఎంతమంది కొరెమాట్సు కోసం వణికారు?

ఇక మన దేశం సంగతి. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర పట్టికలో 19,06,657 మందికి చోటు లేదన్నారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఆ డిసెంబర్‌లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు తలుపు తెరిచింది. ముస్లింకు తెరవలేదు. తాతల నాటి కాగితంలో పేరు ఒకలా, మనవడి కాగితంలో ఇంకోలా ఉంటే ఏమవుతుందోనని మా ఇళ్లల్లో ట్రంకుపెట్టెలు వెతుక్కోవడం భ్రమేనా?

అంతెందుకు, గొంతు తప్ప ఇంకేమీ వినిపించని రేడియోలో మాది తెలుగు గొంతే. పేరు చెప్పగానే 'తురకోళ్లయినా తెలుగు బాగా మాట్లాడతారే' అని మెచ్చుకోలు! పుట్టిన భాషలోనే మమ్మల్ని చుట్టాల్ని చేసే మెచ్చుకోలది.

అస్తిత్వం జేబులోంచి జారిపడే చిల్లర కాదు, దానంతటది పోవడానికి. రిజిస్టరు ఎవడి చేతిలో ఉందో వాడు కొట్టేస్తే పోతుంది. మిత్రులారా, మా భయం నిజమో భ్రమో తర్వాత తేల్చుదురుగాని, ముందు మీరు ఫోన్‌కు ఏ వైపున ఉన్నారో చెప్పండి.