ఆ వీడియో నాన్నకి పంపింది నేనే

గత ఏడాది జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా నాన్నకి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాను. రోజుకి 16 గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగతా 8 గంటల్లోనే తిండి కానిచ్చేస్తే షుగర్ దిగొస్తుందని అందులో ఒకాయన తెగ ధీమాగా చెబుతున్నాడు. కింద నేనూ ఒక లైన్ తగిలించా: "నాన్నా, ఇది ట్రై చెయ్. టాబ్లెట్లు కూడా మానేయొచ్చంట."

ఆయన ఒక దండం ఎమోజీ పెట్టారు. నేను మర్చిపోయా. ఆయన మర్చిపోలేదు.

ఆరో రోజు పదకొండున్నరకి ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్. "మీ నాన్న మార్కెట్లో కూలబడిపోయార్రా. కంగారు పడకు, ఇప్పుడు బానే ఉన్నారు."

హైదరాబాద్ నుంచి తెనాలి చేరేసరికి రాత్రయింది. నాన్న మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. "ఏం కాలేదులేరా, కాస్త కళ్లు తిరిగాయంతే" అన్నారు. జరిగింది అమ్మ చెప్పింది. కూరగాయలు కొని డబ్బులిస్తుంటే చేతులు వణికాయట. ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడిపిన మనిషి చిల్లర లెక్కపెట్టలేకపోయారట. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. పక్కనే చెరుకురసం బండి అబ్బాయి చూసి, కూర్చోబెట్టి, ఒక గ్లాసు తాగించాడు. ఆ తర్వాత క్లినిక్‌లో చూస్తే షుగర్ 72. రసం తాగాక అంత ఉందంటే, తాగకముందు ఎంత ఉండి ఉంటుందో!

నాన్నకి 57 ఏళ్లు. షుగర్ వచ్చి నాలుగేళ్లు. వీడియోలో చెప్పినట్టే రాత్రి ఏడింటికి తినడం ఆపి, మర్నాడు పదకొండింటిదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కానీ పొద్దున ఏడింటికి వేసుకునే టాబ్లెట్లు మాత్రం ఎప్పట్లాగే వేసుకున్నారు. మందులు మానకూడదు కదా అని!

టాబ్లెట్‌కి ఏం తెలుసు?

మర్నాడు నేనూ వెంట వెళ్లా. డాక్టర్ గారు తిడతారనుకున్నా. తిట్టలేదు. ఒక్క మాట అన్నారు: "ఉపవాసం తప్పు కాదండీ. కానీ మీరు ఉపవాసం ఉన్న సంగతి టాబ్లెట్‌కి తెలీదు కదా."

నాన్న వాడేవి రెండు మందులు. ఒకటి మెట్‌ఫార్మిన్. ఇది ప్రధానంగా లివర్ నుంచి వచ్చే షుగర్‌ని తగ్గిస్తుంది. ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. రెండోది గ్లిమెపిరైడ్. ఇది పాంక్రియాస్‌ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అని అడగదు. నాలుగు ఇడ్లీలు తిన్న రోజూ అదే పని, ఖాళీ కడుపుతో ఉన్న రోజూ అదే పని. గ్లిక్లజైడ్ కూడా ఈ కుటుంబానిదే. ఇన్సులిన్ ఇంజెక్షన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో రకం మందులున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. ఇవి షుగర్‌ని మూత్రంలోంచి బయటకి పంపేస్తాయి. ఇవి వాడుతూ గట్టిగా ఉపవాసాలున్నా, పిండి పదార్థాలు బాగా కోసేసినా రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. చిక్కేంటంటే, అప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, ఆస్పత్రికి పరిగెత్తాలి.

అంటే మందూ తిండీ తక్కెడలో రెండు పళ్లేలు. ఒక పళ్లెంలోంచి సగం తీసేసి, రెండోదాన్ని ముట్టుకోకపోతే తక్కెడ ఒరిగిపోతుంది. నేను పంపిన వీడియోలో మొదటి పళ్లెం గురించి మాత్రమే ఉంది.

మరి అదంతా ఉత్తదేనా?

కాదు. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నా. నాన్న పడిపోయారని చెప్పి "ఉపవాసాలన్నీ బోగస్" అనేయడం తేలిక. నిజం అలా లేదు.

బ్రిటన్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాయ్ టేలర్ బృందం 2011లో ఒక చిన్న ప్రయోగం చేసింది. టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకి దాదాపు 600 క్యాలరీలే ఇచ్చారు. మొదటి వారంలోనే వాళ్ల పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. లివర్‌లోనూ పాంక్రియాస్‌లోనూ పేరుకున్న కొవ్వు కరగడమే దీనికి కారణమని వాళ్లు చూపించారు. తర్వాత ఇదే దారిలో డైరెక్ట్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. బాగా బరువు తగ్గించే డైట్ పాటించినవాళ్లలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ లేని స్థాయికి వచ్చారు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అది 86 శాతం.

ఇక్కడ ఆగి చిన్న అక్షరాలు కూడా చదవాలి. వాళ్లందరికీ షుగర్ వచ్చి ఆరేళ్లలోపే. ఎవరూ ఇన్సులిన్ మీద లేరు. మందులు ఆపింది డాక్టర్ల పర్యవేక్షణలో. పైగా రెండో ఏడాదికి ఆ 46 శాతం 36కి దిగింది.

లో కార్బ్ సంగతీ అంతే. 23 ట్రయల్స్‌ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మొదటి ఆరు నెలల్లో లో కార్బ్ వాళ్లకి మిగతావాళ్లకంటే మంచి ఫలితం కనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా బాగా తగ్గిపోయింది. డైట్ పనిచేస్తుంది, మనమే దాని మీద నిలబడం. అదీ అసలు కథ.

శనివారం ఉపవాసం, రాత్రికి ఉప్మా

ఉపవాసాలు మనకి కొత్తేం కాదు. మా అమ్మ ప్రతి శనివారం ఉపవాసమే. పొద్దున కాఫీ, మధ్యాహ్నం భోజనం, రాత్రికి... ఉప్మా. లేదంటే ఇడ్లీ. "అన్నం ముట్టలేదు కదరా, ఉపవాసమే" అంటుంది. ఏకాదశికైతే సగ్గుబియ్యం కిచిడీ, రెండు అరటిపళ్లు. సగ్గుబియ్యం అంటే దాదాపు పూర్తిగా పిండే. దేవుడి లెక్కలో అది ఉపవాసమే, కాదనను. షుగర్ మీటర్ లెక్కలో మాత్రం కాదు.

ఆ వారం నేను కూర్చుని నాన్న మామూలు రోజు తిండి లెక్కేశా. పొద్దున నాలుగు ఇడ్లీలు: సుమారు 40 గ్రాముల పిండి పదార్థాలు. మధ్యాహ్నం మూడు కప్పుల అన్నం: కప్పుకి 42 చొప్పున 126. రాత్రి రెండు కప్పులు: 84. రెండు టీలలో చక్కెర: 20. పప్పూ కూరా లెక్కలోకి తీసుకోకుండానే 270 గ్రాములు. లో కార్బ్ అంటే సాధారణంగా రోజు మొత్తానికి 130 గ్రాములలోపు. ఆయన మధ్యాహ్నం అన్నంతోనే ఆ కోటా అయిపోతోంది!

"అయితే కొర్రలు తింటా" అన్నారు నాన్న. కొర్రలు, సామలు, రాగులు మంచివే. పాలిష్ బియ్యంకంటే పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ ఎక్కువ భాగం పిండి పదార్థమే. మూడు కప్పుల అన్నం తీసేసి మూడు కప్పుల కొర్రన్నం పెట్టుకుంటే పేరు మారింది, లెక్క పెద్దగా మారలేదు.

మేం చేసింది ఇదీ

డాక్టర్ గారు ముందు గ్లిమెపిరైడ్ డోసు సగానికి తగ్గించారు. పదహారు గంటలు వద్దు, పన్నెండుతో మొదలుపెట్టమన్నారు. అంటే రాత్రి ఏడున్నరకి తినేసి, పొద్దున ఏడున్నరకి టిఫిన్. రోజుకి రెండుసార్లు మీటర్‌తో చూసుకుని ఒక నోట్‌బుక్‌లో రాయమన్నారు. కొట్టులో ఖాతాలు రాసిన చెయ్యి కదా, ఆ పని మాత్రం నాన్న అద్భుతంగా చేశారు.

తిండి ఇలా మారింది. పొద్దున రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. కొన్ని రోజులు రెండు కోడిగుడ్లు, కాసిని వేరుశనగలు. మధ్యాహ్నం కప్పు అన్నం, దానికి రెండింతలు కూర, పప్పు, మజ్జిగ. వారానికి మూడుసార్లు చేప. ముందు కూర తిని, తర్వాతే అన్నం కలుపుకోవాలి. రాత్రి ఒక చిన్న జొన్నరొట్టె, కూర. టీలో చక్కెర బంద్. మొత్తం 130, 140 మధ్య. ఇది కీటో కాదు. మన వంటింట్లో కుదిరే లో కార్బ్, అంతే.

మొదటి రెండు వారాలు నరకం. ఆయనకి తలనొప్పి, చిరాకు. అమ్మకి అంతకంటే కష్టం. కంచంలో అంత తక్కువ అన్నం పెట్టడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. "మనిషికి కడుపునిండా పెట్టకుండా నేనెలా తినేది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత ఒక పెళ్లి. "ఏంటి బావగారూ, ఇలా చిక్కిపోయారు!" అంటూ మావయ్య వరస ఆయన కొసరి కొసరి పులిహోర వడ్డించాడు. నాన్న తినేశారు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో 261. పక్కన ఎర్ర పెన్నుతో "పులిహోర" అని రాసుకున్నారు.

మూడో నెలలో గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు. ఆపింది నాన్న కాదు, డాక్టర్ గారు. ఆ తర్వాతే ఉపవాసం పద్నాలుగు గంటలకి పెంచారు. ఆరు నెలలకి బరువు 81 నుంచి 73 కిలోలు. హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 6.7. మెట్‌ఫార్మిన్ ఇంకా నడుస్తోంది.

"తగ్గిపోయినట్టేనా?" అని అమ్మ అడిగింది. మందుల్లేకుండా కనీసం మూడు నెలలపాటు హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉంటేనే దాన్ని రెమిషన్ అంటారట. నాన్న అక్కడికి ఇంకా చేరలేదు. చేరినా పరీక్షలు ఆపకూడదు. "అది పడుకుందమ్మా, పోలేదు" అన్నారు డాక్టర్ గారు.

ఫార్వర్డ్ చేసే ముందు

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి, మీరూ నాలాగే ఏదో ఒక వీడియో పంపబోతుంటే, ఒక్క నిమిషం.

ముందు వాళ్ల మందుల చీటీ ఫొటో పంపమనండి. అందులో పైన చెప్పిన మందులుగానీ ఇన్సులిన్‌గానీ ఉంటే, డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్క పూట కూడా ఉపవాసం మొదలుపెట్టొద్దు. బీపీ మందులున్నా చెప్పాలి, బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు సొంతంగా ఇలాంటివి చేయకూడదు.

రంజాన్ ఉపవాసాలుండే షుగర్ పేషెంట్లకి ఇచ్చే సలహా ఏంటో తెలుసా? ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ని కలిసి మందులు సరిచేయించుకోమంటారు. భక్తితో చేసే ఉపవాసానికే అంత ముందుచూపు కావాలంటే, యూట్యూబ్ చూసి చేసేదానికి ఎంత కావాలి!

షుగర్ 70 కంటే దిగినా, చెమటలు, వణుకు, తికమక మొదలైనా వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. తగ్గకపోతే మళ్లీ అంతే. ఆ రోజుకి ఉపవాసం అక్కడితో సమాప్తం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

చివరగా నా సంగతి. నాన్నతో పాటు ఆ రోజు నేనూ రక్తం ఇచ్చా, ఊరికే. నాకు 29. హెచ్‌బీఏ1సీ 5.9. అంటే ప్రీ డయాబెటిస్. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉంటే, 13 కోట్లమందికి పైగా నాలాగా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాన్నకి నీతులు చెప్పిన నేను రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టే రకం.

ఇప్పుడు రాత్రి ఎనిమిది దాటితే నాన్న దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. వీడియో కాదు. ఒక్కటే ప్రశ్న: "తిన్నావా? ఏం తిన్నావు?"

అబద్ధం చెప్పడానికి మనసొప్పడం లేదు.