ఎమ్మెల్యే ఒక్కరు.. కలెక్టర్లు ఇద్దరు

చాళుక్యుల రాజధానిగా వెలిగిన వేములవాడకు సొంత అసెంబ్లీ స్థానం దక్కింది 2009 ఎన్నికల్లోనే. అప్పుడు నియోజకవర్గమంతా ఒక్క కరీంనగర్ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టారు. కథలాపూర్, మేడిపల్లి జగిత్యాలకు పోయాయి. వేములవాడ, చందుర్తి, కోనరావుపేట సిరిసిల్ల కిందికి వచ్చాయి. ఓటు గీత మాత్రం కదలలేదు. కథలాపూర్ రైతు ఓటు వేములవాడకు, అర్జీ జగిత్యాలకు!

పాలనా హద్దులను చూసి నియోజకవర్గాలు గీయాలని 2002 డీలిమిటేషన్ చట్టమే చెప్పింది. 119 స్థానాలను 153 చేయాలన్న 2014 విభజన చట్టం మాట కాగితం దాటలేదు. చిన్న జిల్లాలను మేం కాదనడం లేదు. పాలన దగ్గరై ప్రాతినిధ్యం చీలితే లాభమేంది? ముసాయిదా వచ్చాక మొత్తుకోవడం కాదు, ఊరూరా తీర్మానాలు ఇప్పుడే చేయాలి. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం, మన గీతను ఇంకొకరి చేతికి వదిలేద్దామా?