దమ్ము మునకలో లేదు

మన ఉభయ భాషలకు ఉమ్మడి సొత్తయిన మాటలలో ‘దమ్ము’ ఒకటి. ఉర్దూలో ‘దమ్’ అనగా ఊపిరి. తెలుగు వాడుకలోనికి వచ్చునప్పటికి అది ధైర్యము, సత్తువ, ఓర్పు అను అర్థములను కూడ సంతరించుకొన్నది. ఈత విషయమున మాత్రము ఈ మాట మన యువకులను పెడదారి పట్టించుచున్నదని నా అభిప్రాయము. నలుగురు ఈతగాండ్రు చెరువుగట్టున గాని, ఈతకొలను ఒడ్డున గాని చేరినచో మొదట పుట్టు పందెము, నీటిలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉండగలరన్నదే. ముందు పైకి వచ్చినవాడు దమ్ము లేనివాడు. చివరివరకు ఉన్నవాడు వీరుడు! ఎక్కువ దూరము ఈదగల ఓర్పును ఈ మునకల పందెము కొలువజాలదు. పైగా ఇది ప్రాణములు తీయు పందెము.

కారణము శరీరధర్మములోనే ఉన్నది. ఊపిరి పీల్చవలెనను ఆతురత మనకు ప్రధానముగా కలుగునది రక్తములో ప్రాణవాయువు తగ్గినందువలన కాదు, బొగ్గుపులుసు వాయువు పెరిగినందువలన. మునుగుటకు ముందు పందెగాడు గబగబ పది పదిహేను దీర్ఘశ్వాసలు తీయును. దానివలన ప్రాణవాయువు నిలువ పెద్దగా పెరగదు. బొగ్గుపులుసు వాయువు మాత్రము తరిగిపోవును. ప్రమాదఘంటను ముందుగానే మూగబుచ్చుట వంటిదిది. లోపల ప్రాణవాయువు అడుగంటినను గంట మ్రోగదు. హెచ్చరిక లేకయే స్పృహ తప్పును. నడుములోతు నీటిలో కూడ ఇట్లు జరుగును. దీనికి బలియగువారిలో ఈత బాగుగా వచ్చినవారే ఎక్కువగా ఉండుట మరింత విచారకరము. ఒడ్డునున్న మిత్రులు “ఇంకను ఉన్నాడు, శభాష్” అని చప్పట్లు కొట్టుచునే యుందురు.

ఓర్పు వేరొక చోట ఉన్నది. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగము రెట్టింపైనచో నీటి నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లగును. కనుక నీటిలో బలవంతుడే గెలుచుననుట సగమే నిజము. శక్తిని పొదుపుగా వాడుకొన్నవాడు దూరము పోవును. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చిన పల్లె విద్యార్థులకు నీటి భయము లేదు; అది గొప్ప పెట్టుబడి. కాని వారిలో పెక్కుమంది తల ఎత్తి ఈదుదురు. తల లేచినచో కాళ్లు దిగును. దిగిన కాళ్లు లంగరువలె వెనుకకు లాగును. రెండు వందల మీటర్లు పోకముందే ఆయాసము. ముఖము నీటిలో ఉంచి, ఊపిరిని అక్కడనే బుడగలుగా నెమ్మదిగా వదలి, తల ప్రక్కకు త్రిప్పి పీల్చుట అలవడినచో, కండబలము పెరగకయే దూరము పెరుగును. ఊపిరి బిగబట్టుట కాదు, వదలుట నేర్వవలెను.

రోజూ అలసి సొలసి పడిపోవువరకు ఈదుటయే సాధనయని మరియొక భ్రమ కలదు. 1930ల చివర జర్మనీలో గెర్ష్లర్ అను శిక్షకుడు, రైన్‌డెల్ అను వైద్యుడు కలిసి పరుగుపందెగాండ్రకు విరామసాధనను శాస్త్రీయముగా అలవరచిరి. ఈతలో కూడ ఆ పద్ధతి స్థిరపడినది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయపు ఈత శిక్షకుడు జేమ్స్ కౌన్సిల్మన్ 1968లో ప్రచురించిన గ్రంథము ఈత సాధనను శాస్త్రదృష్టితో వివరించినది. ఆయన 1979లో, తన 58వ యేట, స్వయముగా ఇంగ్లీషు ఛానెల్‌ను ఈది దాటెను. బోధించినది చేసి చూపిన ఆచార్యులు అరుదు!

ఈ పద్ధతి మనకును కష్టమైనది కాదు. ఆగకుండ 200 మీటర్లు ఈది రొప్పు విద్యార్థి, 50 మీటర్ల చొప్పున ఎనిమిది మార్లు, నడుమ అర నిమిషము విశ్రమించుచు ఈదినచో 400 మీటర్లు పూర్తియగును. నియమమొక్కటే: మొదటి యాబదికి, చివరి యాబదికి పట్టిన కాలము ఒకటే కావలెను. చేతివేటులను లెక్కించుకొనవలెను, అదే దూరమునకు వేటుల సంఖ్య పెరుగుచున్నచో ఒడుపు చెడినట్లే, ఆ పూటకు ఆపివేయుట మేలు. వారమునకు మూడు దినములు ఇట్లును, ఒక దినము నింపాదిగా దీర్ఘమైన ఈతయు చాలును. విశ్రాంతిని క్రమముగా తగ్గింపవచ్చును, లేదా దూరమును పెంపవచ్చును. రెండును ఒకేసారి మార్చరాదు.

ఇది మగపిల్లల వ్యవహారమని తలచువారు ఆరతీ సాహాను స్మరింపవలెను. 1959 ఆగస్టులో ఛానెల్ దాటబోయి ఆమె విఫలురాలయ్యెను. సెప్టెంబరు 29న మరల దిగి, 16 గంటల 20 నిమిషములలో దాటిన తొలి ఆసియా మహిళ అయ్యెను. అప్పటికి ఆమెకు పందొమ్మిదేండ్లు, అనగా మన డిగ్రీ విద్యార్థినుల వయస్సు. మన హైదరాబాదు నివాసిని గోలి శ్యామల 2021లో శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని ఈదిరి. ఆమె ఈత నేర్చినది నలభై దాటిన పిమ్మట.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి. మనకు సొంత ఈతకొలను లేదని చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పురపాలక ఈతకొలనులో వారమునకు నాలుగు గంటలు మాట్లాడుకొని, అందు రెండు గంటలు విద్యార్థినులకు, మహిళా శిక్షకురాలి పర్యవేక్షణలో, వారికి సమ్మతమైన నిండు ఈతదుస్తులతో కేటాయింపవలెను. ప్రాణరక్షకుడు ఒడ్డున లేనిదే ఎవరును నీటిలో దిగరాదు. మునకల పందెమును నిషేధించు నోటీసు కొలను గోడపైననే ఉండవలెను, కార్యాలయపు బల్లమీద కాదు. వార్షిక క్రీడలలో 400 మీటర్ల ఈత నొకటి చేర్చి, మొదటి సగమునకు, రెండవ సగమునకు పట్టిన కాలములలో తేడా తక్కువగా ఉన్నవారికి బహుమతి ఈయవలెను. అట్టి పోటీని చూచుటకు జనము రారని కొందరు అనవచ్చును. రాకున్నను గడియారము పట్టుకొనుటకు ఇద్దరు, వేటులు లెక్కించుటకు ఇద్దరు విద్యార్థులు దొరికిన చాలును.