సింగిల్ మాల్టూ, సిగారూ, మా కనిగిరి పొగాకూ

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక కొత్త విద్య పట్టుబడింది. దాని పేరు పెయిరింగ్. ఇద్దరు కూచుని ఒకే కీబోర్డు మీద కోడ్ కొట్టడం అనుకునేరు, అది కాదు. ఏ విస్కీకి ఏ సిగార్ జత కుదురుతుందో చెప్పే శాస్త్రం. పీట్ పొగ వాసనొచ్చే ఐలా విస్కీకి నల్లటి మదురో సిగారట. బర్బన్ పీపాలో ఊరిన తేలికపాటి విస్కీకి కనెక్టికట్ ఆకు చుట్టిన లేతరంగు సిగారట. జాతకాలు చూసి పెళ్ళి సంబంధాలు కుదిర్చే పంతులుగారు కూడా ఇంత ధీమాగా చెప్పరు. డాలస్‌లో గరాజ్‌లో హ్యూమిడార్ పెట్టుకున్నవాడి దగ్గర్నుంచి గచ్చిబౌలిలో ఈఎంఐ మీద ఫ్లాట్ కొన్నవాడి దాకా అందరి నోటా ఇదే మాట. లెదర్ నోట్సు, సెడార్ నోట్సు, కోకో నోట్సు!

వీళ్ళ మీద నాకు కాస్త ఎక్కువగా మండటానికి కారణం ఉంది. నాది కనిగిరి. మా ఊళ్ళో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. నా ఇంజనీరింగ్ ఫీజు బ్యారన్ సొమ్ము. అందుకని పొగాకు వాసన గురించి నాకెవరైనా పాఠం చెప్తుంటే వినడం కొంచెం కష్టం.

ముందే ఒక మాట. మా దగ్గర పండే వర్జీనియా పొగాకు సిగార్లోకి పోదు, సిగరెట్లోకి పోతుంది. సిగార్ ఆకుని గాలికి ఆరబెట్టి, గుట్టలు వేసి మాగబెడతారు. మా ఆకుని బ్యారన్‌లో పెట్టి, గొట్టాల్లో వేడి పంపించి కాలుస్తారు. తెలుగునేల మీద సిగార్‌కి దగ్గరి చుట్టం అంటే గోదావరి లంక పొగాకుతో చుట్టే చుట్టే. అవును, అదే చుట్ట. తాతలు అరుగు మీద కూచుని కాల్చిన చుట్ట. దాన్ని చూసి ముక్కు మూసుకున్నవాడే ఇవాళ క్యూబా చుట్టకి వేలు పోసి, దాన్ని పట్టుకోవడానికి ఏ వేలు ఎక్కడ పెట్టాలో మనకి నేర్పిస్తున్నాడు.

తాత చుట్ట కాలిస్తే అనాగరికం, మేనేజర్ చుట్ట కాలిస్తే కానసూర్! కనిగిరి బస్టాండ్ పక్కన 99 రూపాయల క్వార్టర్ తాగినవాడు తాగుబోతు, అదే మందు పద్దెనిమిదేళ్ళు పీపాలో నిలవుంచింది తాగితే రసజ్ఞుడు! తేడా లేదని నేను అనట్లేదు. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండ్‌లో ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి, 40 శాతానికి తగ్గకుండా ఆల్కహాల్ ఉండాలి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చవక సరుకులో చాలా భాగం మొలాసిస్ స్పిరిట్ కలిపినదే. కాబట్టి రుచిలో తేడా నిజం. మంచి విస్కీ చెయ్యడం ఒక పనితనం, అదీ నిజం. 2004లో గ్లాస్గోలో తన సింగిల్ మాల్ట్‌ని మొదటిసారి అమ్మకానికి పెట్టిన బెంగళూరు అమృత్ వాళ్ళని చూసి నాకూ ముచ్చటేస్తుంది. కానీ ఆల్కహాల్ అణువుకి ధర తెలీదు బాబూ. నికోటిన్‌కి బ్రాండ్ తెలీదు.

సరే, అసలీ పెయిరింగ్‌లో పస ఎంత? మనం ఇంజనీర్లం కదా, టెస్ట్ పెట్టుకుందాం. మూడు గ్లాసులు తీసుకోండి. రెండింట్లో ఒకే విస్కీ, మూడోదాంట్లో దాని పక్కింటి విస్కీ. కళ్ళకి గంతలు కట్టి, అరగంట సిగార్ కాల్పించి, వేరేది ఏదో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్టే అవుతుంది కాబట్టి ఓ ఇరవైసార్లు చేయించండి. లెదర్ నోట్సు పండితులు ఎంతమంది మిగులుతారో చూద్దాం. విస్కీ రుచిలో ముప్పాతిక మువ్వీసం ముక్కు పని. ఆ ముక్కు నిండా పొగ పట్టించి, నలభై శాతం ఆల్కహాల్‌తో నాలుక మొద్దుబార్చి, అప్పుడు సన్నటి తేడాలు పట్టుకుంటానంటే, లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి వీణ కచేరీ వింటాననడమే.

మరి ఈ సంప్రదాయం ఎక్కణ్ణుంచి వచ్చింది? రాజులూ ప్రభువులూ ఎప్పట్నుంచో చేస్తున్నదే కదా అంటారు. చేసుండొచ్చు. కానీ మన దాకా వచ్చిన ఈ మోజు మాత్రం పాతికా ముప్పై ఏళ్ళ నాటి సరుకు. అమెరికాలో సిగార్ అమ్మకాలు ఏళ్ళ తరబడి పడిపోతూ వచ్చాయి. 1992లో సిగార్ అఫిషియనాడో అనే మెరుపుకాగితం పత్రిక మొదలైంది. అట్టమీద సినిమా తారలు, లోపల మార్కులు, రేటింగులు. 1993 తర్వాత నాలుగైదేళ్ళలో సిగార్ల వాడకం దాదాపు 50 శాతం పెరిగిందని అక్కడి జాతీయ కేన్సర్ సంస్థ 1998లో ఏకంగా ఒక పుస్తకమే వేసింది. అంటే ముసలివాళ్ళ అలవాటుగా చచ్చిపోతున్నదాన్ని, సక్సెస్ అయినవాడి గుర్తుగా రీబ్రాండ్ చేశారు. మనం దాన్ని పాతికేళ్ళు ఆలస్యంగా డౌన్‌లోడ్ చేసుకున్నాం, అదీ రిలీజ్ నోట్స్ చదవకుండా.

ఆ రిలీజ్ నోట్స్‌లో ఏముందంటే: "నేను పొగ లోపలికి పీల్చను, నోట్లోనే ఉంచుకుంటా" అని ప్రతి సిగార్ వీరుడూ చెప్పే మాట ఉంది చూడండి, అదే అసలు చిక్కు. సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ. అందుకని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు, నోటి పొరల్లోంచే ఎక్కేస్తుంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. ఇక జత కుదరడం గురించి. పొగాకూ ఆల్కహాలూ నిజంగానే జత కుదురుతాయి, కేన్సర్ విషయంలో. రెండు ప్రమాదాలూ కూడుకోవు, హెచ్చవేసుకుంటాయి. 1988లో అమెరికాలో బ్లాట్, ఆయన సహచరులు అచ్చేసిన పరిశోధనలో, రోజుకి రెండు పెట్టెలు కాల్చి నాలుగు డ్రింకులకు మించి తాగేవాళ్ళకి నోరు, గొంతు కేన్సర్ ముప్పు 35 రెట్లకి పైగా తేలింది. నువ్వు నెలకోసారి తాగేవాడివి, నీకు 35 రెట్లు అని నేను బెదిరించట్లేదు. కానీ ప్రపంచంలో ఇన్ని పదార్థాలుండగా, ఒకదాని నష్టాన్ని ఇంకోటి హెచ్చవేసే రెండింటినే ఏరి పక్కపక్కన పెట్టి దానికి రసజ్ఞత అని పేరు పెట్టడం ఎంత తెలివైన పనో నువ్వే చెప్పు.

మా పెదనాయన చుట్టా సారా రెండూ పుచ్చుకునేవాడు. ఆయనకి పెయిరింగ్ అనే మాట తెలీదు. బుగ్గలో పుండుతో మొదలైంది. చివరి మూడు నెలలు జావ తప్ప దిగలేదు. నేను సెలవల్లో వెళ్తే, "ఏందబ్బయా, అమెరికా పోతన్నావంట?" అని సైగతో అడిగాడు, మాట రాక. ఆయన్ని చూసి ఎవ్వరూ కానసూర్ అనలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ ఆకు వెనకాల ఉన్న మనిషి గురించి. బ్యారన్‌లో ఆకు కాల్చడమంటే 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు తిరిగాక మెల్లగా వేడి పెంచుకుంటూ, ఈనె ఎండేసరికి 70 డిగ్రీల దాకా తీసుకుపోవాలి. అయిదారు రోజులు, రాత్రిళ్ళు కూడా లేచి థర్మామీటర్ చూస్తూ పొయ్యిలో మొద్దులు తోస్తూ ఉండాలి. కాస్త గతి తప్పితే ఆకు మచ్చపడి గ్రేడు పోతుంది. పొద్దున్నే తడి ఆకు కొట్టే కూలీలకి చర్మంలోంచే నికోటిన్ ఎక్కి తలతిప్పుళ్ళు, వాంతులు. తర్వాత బేళ్ళు కట్టి వేలం కేంద్రానికి తెస్తే, కొనేవాళ్ళు కొద్ది నిమిషాల్లో వరస దాటిపోతారు. ధర పలికితే పలికినట్టు, లేకపోతే నో బిడ్. మళ్ళీ బండెక్కించుకుని ఇంటికి. 2000-01లో నిల్వలు పేరుకుని మొత్తం ఆంధ్రాలోనే పంట విరామం ప్రకటించారు. 2015లో ధర పడిపోయి ప్రకాశంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్ల బర్లీ కొనే దిక్కులేక ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. పొగాకు గురించి ఎవడికన్నా నిజంగా తెలుసంటే అది ఈ మనుషులకి. వాళ్ళకి లెదర్ నోట్స్ తెలీవు. రేటు తెలుసు, వడ్డీ తెలుసు.

విస్కీలో రెండు చుక్కల ఊటనీళ్ళు వేస్తే పరిమళం విచ్చుకుంటుందట. మా కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయిన ఊళ్ళున్నాయి. తాగడానికి నీళ్ళ క్యాన్ కొనుక్కుంటారు. నీటి రుచి గురించి ఎవరన్నా ఇంత శ్రద్ధగా మాట్లాడుతుంటే నాకు ఆ క్యాన్లే గుర్తొస్తాయి, ఏం చెయ్యను.

"నీ చదువు పొగాకు డబ్బుతోనేగా, ఇప్పుడు నీతులేంటి?" అంటారు. అందుకే చెప్తున్నా. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, మధ్యలో ఎవరి ఒళ్ళు అరిగిందో చూసినవాణ్ణి కనక. "ఎవడి డబ్బు వాడిష్టం" అంటారు. ఒప్పుకుంటా. నీ ఇంట్లో, నీ బాల్కనీలో నువ్వేం కాల్చుకున్నా నాకు పనిలేదు. నా గొడవ అది ఆఫీసులోకి రావడంతోనే.

పోయినేడు మా ఆఫీసు పార్టీలో హోటల్ వాళ్ళ స్మోకింగ్ లౌంజ్ బుక్ చేశారు, సిగార్ అండ్ మాల్ట్ ఈవెనింగ్ అని. లోపలికెళ్ళింది అయిదారుగురు పెద్దలు, వాళ్ళ వెనక ఓ పదిమంది కుర్రాళ్ళు. బయట జ్యూస్ గ్లాసులతో మిగతావాళ్ళం, అందులో మా టీమ్ అమ్మాయిలంతా. కొత్త ప్రాజెక్టుకి లీడ్ ఎవరన్నది ఆ పొగలోనే తేలిపోయిందని సోమవారం తెలిసింది. రెండేళ్ళు ఆ మాడ్యూల్ మోసిన అమ్మాయికి "నెట్‌వర్కింగ్ ఇంకాస్త పెంచుకోవాలమ్మా" అని ఫీడ్‌బ్యాక్! నెట్‌వర్కింగ్ అంటే దగ్గుకుంటూ సిగార్ కాల్చడమా? అక్కడికెళ్ళిన కుర్రాళ్ళలో సగంమందికి అది ఇష్టంలేదని నాకు తెలుసు. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశానికి వచ్చిన చదువల్లా చుట్ట కాల్చడమేనన్నట్టు, మన సీనియర్ల దగ్గర మన జూనియర్లకి అబ్బుతున్న విద్య ఇదీ!

కాబట్టి మేనేజర్ మహాశయులకి మనవి. కంపెనీ డబ్బుతో సిగార్ కౌంటర్ పెట్టకండి. ప్రమోషన్ మాటలు పగటిపూట, అందరూ కూచోగలిగే గదిలో మాట్లాడండి. కుర్రాళ్ళకి మనవి: "నాకొద్దు సార్" అనండి, ఒక్కడు అంటే పక్కవాడికి ధైర్యం వస్తుంది. ఇక రసజ్ఞులకి: పొగాకు మీద అంత ప్రేముంటే సీజన్‌లో కనిగిరి రండి, వేలం చూపిస్తా. వాసన ఫ్రీ. నోట్స్ మీరే రాసుకోండి.